గూగీ కట్టడాలు: కారులోంచి చదవడానికి కట్టిన భవనాల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

చదువుకో ఉద్యోగానికో కాలిఫోర్నియా వెళ్లిన తెలుగువాళ్లు వీటిని ఎక్కడో ఒకచోట చూసే ఉంటారు. ఎగరబోతున్నట్టు ముందుకు లేచిన కప్పు, నేల నుంచి పైదాకా అద్దం, కప్పును చీల్చుకుని పైకి పోయిన నియాన్ బోర్డు. దగ్గరికి వెళ్తే అది పాత పెట్రోలు బంకో, హోటలో, మోటెలో అయి ఉంటుంది. వీటి మీద ఎక్కువగా వచ్చే ప్రశ్నలకు ఇక్కడ జవాబులున్నాయి. కొన్ని పొడుగ్గా ఉంటాయి, కొన్ని రెండు ముక్కల్లో ముగుస్తాయి.

గూగీ అంటే ఏమిటి? గూగుల్‌తో ఏమైనా సంబంధం ఉందా?

ఏమీ లేదు. గూగుల్ కంటే ఈ పేరు అర్ధశతాబ్దం పాతది. 1949లో లాస్ ఏంజిలస్‌లో, సన్‌సెట్ బులెవార్డ్, క్రెసెంట్ హైట్స్ కలిసే మూల మీద ఒక కాఫీ షాపు వెలిసింది. దాన్ని డిజైన్ చేసినవాడు జాన్ లాట్నర్. యజమాని భార్య ముద్దుపేరు గూగీ, షాపుకూ అదే పేరు పెట్టారు. 1952లో 'హౌస్ అండ్ హోమ్' పత్రిక సంపాదకుడు డగ్లస్ హాస్కెల్ ఈ తరహా కట్టడాలన్నింటికీ కలిపి 'గూగీ' అని పేరు తగిలించాడు. మెచ్చుకుంటూ పెట్టిన పేరు కాదు. ప్రొఫెసర్ థ్రగ్ అనే కల్పిత పాత్ర చేత గొప్పలు చెప్పిస్తూ, వెటకారంగా రాసిన వ్యాసమది. ఆ వెక్కిరింపే చివరికి బిరుదుగా మిగిలింది. అసలు గూగీ షాపును మాత్రం 1989లో కూల్చేశారు.

కాఫీ షాపు అంటే కాఫీ ఒక్కటే దొరికే చోటా?

కాదు. అప్పటి లాస్ ఏంజిలస్ కాఫీ షాపును మన టిఫిన్ హోటల్‌తో పోల్చుకోవచ్చు. పొద్దున గుడ్లు, పాన్‌కేకులు. మధ్యాహ్నం హాంబర్గర్. రాత్రి షిఫ్టు దిగినవాళ్లకు వేడి వేడి భోజనం. చాలావాటికి తలుపు మూయడమన్నదే ఉండేది కాదు. ఇరవై నాలుగు గంటలూ వెలుగుతూ ఉండాలన్న ఈ అవసరం డిజైన్‌లో ప్రతిచోటా కనిపిస్తుంది.

1950ల్లోనే, దక్షిణ కాలిఫోర్నియాలోనే ఇవి ఎందుకు పుట్టాయి?

ప్రధాన కారణం కారు. యుద్ధం ముగిశాక అక్కడ విమాన కర్మాగారాలున్నాయి, జీతాలున్నాయి, కొత్త కాలనీలున్నాయి. ఒక చోటి నుంచి ఇంకో చోటికి పోవడానికి వెడల్పాటి బులెవార్డులున్నాయి. 1956లో అంతర్రాష్ట్ర రహదారుల చట్టం వచ్చింది. 41,000 మైళ్ల రోడ్లకు ఖర్చులో 90 శాతం కేంద్ర ప్రభుత్వానిదే. రోడ్డు పక్క వ్యాపారానికి ఇంతకంటే ఏం కావాలి?

రెండో కారణం వాతావరణం. లాస్ ఏంజిలస్‌లో ఏడాదికి పడే వాన సుమారు 380 మిల్లీమీటర్లు. మంచు కురవదు. కప్పు మీద బరువు లేని చోట కప్పును ఎటు కావాలంటే అటు వంచవచ్చు.

స్పుత్నిక్ వల్ల గూగీ పుట్టిందని చాలాచోట్ల రాస్తుంటారు. తేదీలు ఆ మాటను ఒప్పుకోవు. స్పుత్నిక్ ఎగిరింది 1957 అక్టోబరు 4న. గూగీ షాపు 1949 నాటిది. విల్షైర్, ఫెయిర్‌ఫాక్స్ కూడలిలోని జానీస్ కాఫీ షాపు (అప్పటి పేరు రోమియోస్ టైమ్స్ స్క్వేర్) 1956 నాటిది. స్పుత్నిక్ చేసిందల్లా అప్పటికే ఉన్న మంటకు గాలి విసరడం. ఆ తర్వాతే ఉపగ్రహాలు, నక్షత్రాలు, అణువు బొమ్మలు మోటెల్ బోర్డుల మీదికి ఎక్కాయి.

ఆకారాలు అంత విడ్డూరంగా ఎందుకు? సరదాకేనా?

సరదా ఉంది. దాని వెనక లెక్క కూడా ఉంది.

గంటకు 35 మైళ్ల వేగంతో పోయే కారు సెకనుకు 51 అడుగులు కదులుతుంది. డ్రైవరు చూడాలి, ఆగాలా వద్దా తేల్చుకోవాలి, రోడ్డు మీద వరస (లేన్) మారాలి, బ్రేకు వేయాలి. ఇందుకు కనీసం ఐదు సెకన్లు కావాలనుకుంటే, 250 అడుగుల దూరంలోనే ఆ చోటు కంట పడాలి. బోర్డులు చేసేవాళ్లది పాత లెక్క ఒకటుంది: పది అడుగుల దూరానికి ఒక అంగుళం అక్షరం. అంటే 25 అంగుళాల అక్షరాలు కావాలి. అంతకంటే దూరం నుంచి పిలవాలంటే అక్షరాలు పనికిరావు, ఆకారమే పిలవాలి. అందుకే కప్పే బోర్డయింది, బోర్డే గోపురమయింది. ఊరి పొలిమేర నుంచి గుడి గోపురం కనిపించినట్టన్నమాట.

కాబట్టి గూగీ కట్టడాన్ని బోర్డు, భవనం, పార్కింగ్ అని మూడు ముక్కలుగా చూడకూడదు. ముందు దూరం నుంచి బోర్డు, తర్వాత కప్పు, దగ్గరయ్యాక అద్దంలోంచి లోపల తింటున్న మనుషులు, ఆఖరున కారు పెట్టుకునే ఖాళీ. ఇవన్నీ ఒకే వాక్యంలో మాటల్లా వరుసగా వస్తాయి. ఒకటి తీసేస్తే మిగతావి అర్థం కావు.

ఆర్ట్ డెకో, స్ట్రీమ్‌లైన్, గూగీ: వీటిని ఎలా వేరు చేయాలి?

1930ల స్ట్రీమ్‌లైన్‌లో మూలలు గుండ్రంగా ఉంటాయి, గీతలు నేలకు సమాంతరంగా పరుగెడతాయి, గోడలు బరువుగా, తెల్లగా ఉంటాయి. ఓడనో రైలింజన్నో తలపిస్తుంది. ఆర్ట్ డెకో నిటారుగా, మెట్లుమెట్లుగా, అలంకారంతో నిలబడుతుంది. గూగీలో గోడ ఉన్నట్టే ఉండదు. కప్పు నేలను తాకకుండా తేలుతున్నట్టుంటుంది. కోణాలు వాలుగా పోతాయి. రాయి పక్కన అద్దం, దాని పక్కన ప్లాస్టిక్, దాని పక్కన ఉక్కు వస్తాయి. బూమరాంగ్, పారాబోలా, నక్షత్రం, అమీబా ఆకారాలు పదేపదే కనిపిస్తాయి.

డోనట్ దుకాణం నెత్తిన రాక్షసి డోనట్ ఉంటే అది గూగీ కాదు. అమ్మే వస్తువు బొమ్మనే భవనంగా కట్టే పద్ధతి వేరే, ఇంకా పాతది. గూగీ పక్షిని గుర్తు చేయొచ్చు గానీ కళ్లూ ముక్కూ పెట్టి పక్షిని చేయదు.

ఆ కప్పు కింద స్తంభాలే లేవు. ఎలా నిలబడుతుంది?

మూడు పద్ధతులు ఎక్కువ.

మొదటిది ఉక్కు దూలాన్ని ఒకవైపు బిగించి రెండోవైపు గాలిలోకి వదిలేయడం, మన ఛజ్జా లాగే. తేడా పొడవులో ఉంది. వెనకవైపు రాతి గోడనో వంటగది దిమ్మనో బరువుగా కట్టి, దూలం తోకను దానికి కట్టిపడేస్తారు. చూసేవాడి కన్ను అద్దం మీద ఉంటుంది, పని చేసేది వెనక రాయి. లా సియెనెగా బులెవార్డులోని నార్మ్స్ రెస్టారెంటులో (1957) కప్పు దూలాలే వజ్రాల ఆకారపు ట్రస్సులై (కడ్డీలు అల్లిన చట్రాలై) ముందుకు పొడుచుకొస్తాయి.

రెండోది పలుచని కాంక్రీటు పెంకు. గుర్రం జీనులా రెండు వైపులకు వంగిన ఉపరితలానికి గణితంలో హైపర్‌బాలిక్ పారాబోలాయిడ్ అని పేరు. దాని గమ్మత్తు ఏమిటంటే, చూడ్డానికి వంపు, గీస్తే అన్నీ సరళరేఖలే. అందుకని సెంట్రింగుకు వంపు చెక్కలు కోయనక్కర్లేదు, తిన్నని పలకలను వరుసగా కొద్దికొద్దిగా తిప్పుతూ పేర్చితే చాలు. మెక్సికోలో ఫెలిక్స్ కాండెలా సోచిమిల్కో రెస్టారెంటుకు (1958) సుమారు 4 సెంటీమీటర్ల మందంతో ఇలాంటి కప్పు వేశాడు. లాస్ వేగస్ లా కాంచా మోటెల్ లాబీ (పాల్ విలియమ్స్, 1961) కూడా ఈ జాతిదే.

మూడోది నటన. లాస్ ఏంజిలస్ విమానాశ్రయంలోని థీమ్ బిల్డింగ్ (1961) చూస్తే నాలుగు కాళ్లు నేల నుంచి శిఖరం దాకా ఒకే కాంక్రీటు ధారలా ఉంటాయి. కాళ్ల కింది భాగమే కాంక్రీటు. పైభాగం ఉక్కు చట్రం, దాని మీద జాలీ, జాలీ మీద సిమెంటు పూత. 2007లో పైవంపు నుంచి దాదాపు అరటన్ను పూత ఊడి కింద పడింది. తర్వాత పూత విప్పి, చట్రం బాగుచేసి, మళ్లీ పూశారు. భూకంపం వస్తే ఊపును మింగేందుకు సుమారు 12 లక్షల పౌన్ల బరువును నడి స్తంభం పైన అమర్చారు. పని 2010లో ముగిసింది. చూడ్డానికి అణువంత మార్పు లేదు, అదే ఆ పనికి పరీక్ష.

ఈ కప్పులకు ఎక్కువగా వచ్చే జబ్బు?

నీళ్లు. ముందుకు లేచిన కప్పు మీద పడిన వాన వెనక్కి, భవనం మధ్యలోకి పారుతుంది. రెండు వాలులూ కలిసే లోయలో ఆకులు చేరి గొట్టం మూసుకుంటే చెరువే. బయటికి పొడుచుకొచ్చిన దూలాల కొసలది ఇంకో బాధ. చెక్క దూలమైతే కొస చివికిపోతుంది, ఉక్కుదైతే తుప్పు లోపలికి పాకుతుంది. కొసల మీద రేకు టోపీ ఉందో లేదో ముందు చూడాలి. మూడో అనుమానం బోర్డు స్తంభం కప్పును చీల్చుకుని పైకి పోయే చోట. అక్కడి తగరపు పట్టీ వదులైతే నీరు స్తంభం వెంట దిగుతుంది, మచ్చ మాత్రం పది అడుగుల అవతల కనిపిస్తుంది.

లోపల ఏం చూడాలి?

ముందు స్టూళ్లు. మంచి గూగీ కాఫీ షాపులో కౌంటరు స్టూలుకు నేల మీద కాలుండదు. కౌంటరు గోడలోంచి ఉక్కు చెయ్యి బయటికొచ్చి సీటును మోస్తుంది. చూసేవాడికి అది అంతరిక్ష యుగం. అర్ధరాత్రి తుడిచేవాడికి తుడుపుకర్ర అడ్డం లేకుండా పోయే నేల.

తర్వాత వంటగది. దాన్ని వెనక దాచకుండా కౌంటరు అవతలే, స్టెయిన్‌లెస్ స్టీలు హుడ్ కింద, అందరికీ కనిపించేలా పెట్టారు. శుభ్రంగా ఉందని చెప్పనక్కర్లేదు, కనిపిస్తుంది. వడ్డించేవాళ్ల నడక కూడా తగ్గింది. ఇంకో వింత: షిప్స్ అనే కాఫీ షాపుల్లో ప్రతి బల్ల మీదా ఒక టోస్టర్ ఉండేది, రొట్టె ఎవరికి వాళ్లే కాల్చుకోవాలి.

నేల టెరాజో. పేరు కొత్తగా ఉన్నా మనం ఎరిగినదే, మన పాత ఇళ్లలోని మొజాయిక్ గచ్చు. బల్లల మీద ఫార్మైకా, కుర్చీలకు రెగ్జిన్ లాంటి నాగహైడ్, గోడకు రాతి పలకలు. ఆ రాయి బయటి గోడ నుంచి అద్దాన్ని దాటుకుని లోపలికి అలాగే సాగుతుంది. లోపలా బయటా ఒకటేనన్న భ్రమ కల్పించడానికి అన్నిటికన్నా చవకైన ఉపాయం ఇదే.

వీటిని గీసినవాళ్లు ఎవరు?

లాట్నర్ పేరు మొదట వస్తుంది గానీ ఈ శైలికి వ్యాకరణం రాసింది లూయిస్ ఆర్మెట్, ఎల్డన్ డేవిస్‌ల సంస్థ, 1947లో మొదలైంది. జానీస్, నార్మ్స్, ప్యాన్స్ (1958) వాళ్లవే. డెనీస్ గొలుసు హోటళ్లకు బూమరాంగ్ కప్పు నమూనా ఇచ్చిందీ వాళ్లే.

ఆ కార్యాలయంలో అందరికన్నా తక్కువ గుర్తింపు వచ్చిన పెద్ద పేరు హెలెన్ ల్యూ ఫాంగ్ (1927–2005). లాస్ ఏంజిలస్ చైనాటౌన్‌లో పుట్టింది. రంగులు, సీట్లు, కౌంటర్లు, దీపాలు, అంటే మనిషి చెయ్యి తగిలే ప్రతిదీ ఆమె చూపు కింద నడిచింది. క్రెన్‌షాలోని హాలిడే బౌల్ అనే బౌలింగ్ కేంద్రం (1958) కూడా ఆమె పనే. గూగీని కప్పులతో మాత్రమే గుర్తుపెట్టుకునేవాళ్లకు ఆమె పేరు తెలియకపోవడంలో వింత లేదు.

మిగతావాళ్లలో వేన్ మకలిస్టర్ (బర్బాంక్ బాబ్స్ బిగ్ బాయ్, 1949), మార్టిన్ స్టెర్న్ జూనియర్ (షిప్స్), స్టాన్లీ మెస్టన్ (మెక్‌డొనాల్డ్స్ బంగారు తోరణాలు), ఆఫ్రికన్ అమెరికన్ ఆర్కిటెక్టు పాల్ విలియమ్స్ ముఖ్యులు.

నియాన్ బోర్డు ఎలా వెలుగుతుంది?

గాజు గొట్టాన్ని మంట మీద మెత్తబరిచి, కొసనుంచి నోటితో ఊదుతూ, అసలు సైజులో గీసిన కాగితం మీద వంచుతారు. ఊదకపోతే వంపు దగ్గర గొట్టం చప్పిడి అవుతుంది. రెండు కొసలా ఎలక్ట్రోడ్లు అతుకుతారు. తర్వాత లోపలి గాలి లాగేస్తూ భారీ కరెంటు పంపి గొట్టాన్ని బాగా కాలుస్తారు, గాజుకు పట్టిన తేమ, మలినాలు వదిలిపోవడానికి. చల్లారాక కొద్దిపాటి వాయువు నింపి సీలు వేస్తారు. లోపలి ఒత్తిడి బయటి గాలి ఒత్తిడిలో వందో వంతు అటూఇటూ.

అసలు నియాన్ ఇచ్చేది ఎర్ర నారింజ రంగు ఒక్కటే. నీలానికి ఆర్గాన్‌లో పాదరసం చుక్క కావాలి. మిగతా రంగులన్నీ గొట్టం లోపలి ఫాస్ఫర్ (కాంతి తగిలితే వెలిగే పొడి) పూత వల్లో రంగు గాజు వల్లో వస్తాయి. ట్రాన్స్‌ఫార్మర్ పొడవును బట్టి 15,000 వోల్టుల దాకా ఇస్తుంది, కరెంటు మాత్రం 30 లేదా 60 మిల్లీఆంపియర్లే. బాణం పరుగెత్తినట్టు కనిపించే చోట నియాన్ కాకుండా 11 వాట్ల చిన్న బల్బుల వరసలు ఉంటాయి. వాటిని మూడు నాలుగు జట్లుగా కలిపి, మోటారుతో తిరిగే స్విచ్చు వంతులవారీగా వెలిగించి ఆర్పుతుంది.

పాత బోర్డు సగం వెలుగుతోంది, మిణుకుమంటోంది. ఎక్కడ చూడాలి?

మెయిన్ స్విచ్ ఆపకుండా చెయ్యి పెట్టకూడదు. ఇది ఎలక్ట్రీషియన్‌కి చెప్పే మాటే, ఇంటి మనిషి పెట్టే చెయ్యి కాదు. తర్వాత ఈ వరసలో చూస్తే టైము కలిసొస్తుంది.

ఒక మాట మొత్తం ఆరిపోతే గొట్టాలు వరసగా ఒకే తీగలో ఉన్నాయని గుర్తు పెట్టుకోవాలి. ఒక అక్షరం పగిలితే ఆ ట్రాన్స్‌ఫార్మర్ మీద ఉన్నవన్నీ పోతాయి. వానొస్తేనే ఆరుతుంటే డబ్బా లోపల నీరుంది. డబ్బా అడుగున 6 నుంచి 12 మిల్లీమీటర్ల కారే రంధ్రాలుంటాయి. రంగు వేసినవాడు వాటిని పూడ్చేసి ఉంటాడు, లేదా పిచ్చుక గూడు కట్టి ఉంటుంది. నీలం గొట్టం చలికాలంలో మసకగా ఉండి ఎండాకాలంలో బాగుంటే అది జబ్బు కాదు, పాదరసం చలికి ఆవిరవడం లేదు. గొట్టం కొసలు నల్లబడితే ఎలక్ట్రోడు అరుగుతోంది. చిటపట శబ్దం, ఓజోన్ వాసన వస్తే అధిక వోల్టేజి తీగ పైతొడుగు చిట్లి ఇనుముకు కరెంటు దూకుతోంది. మిగతా మరమ్మతులు ఆగినా ఫర్వాలేదు, ఇది ఆగకూడదు.

బాగా చేసిన గొట్టం ముప్పై ఏళ్లకు పైగా వెలుగుతుంది. చుట్టూ ఉన్న రేకు, తీగ, గొట్టం కొసలను పట్టుకునే పింగాణీ గిన్నెలే ముందు పాడవుతాయి.

ఎల్ఈడీ పెట్టేస్తే ఏం పోతుంది?

కరెంటు బిల్లు తగ్గుతుంది, నిజమే. పోయేది రెండు. నియాన్ గొట్టం చుట్టూరా వెలుగుతుంది, వెనకున్న రంగు రేకు మీద కూడా ఆ కాంతి పడి అక్షరానికి వలయం కడుతుంది. ఎల్ఈడీ తాడు ముందుకే చూస్తుంది. పగలు నియాన్ గాజు గీతలా సన్నగా ఉంటుంది, ఎల్ఈడీ తాడు పాలిపోయిన రబ్బరులా ఉంటుంది, ఎండకు పసుపెక్కుతుంది కూడా. రక్షిత కట్టడమైతే మార్చేముందు అనుమతి అడగాలి. మామూలు బోర్డైనా గొట్టాలు పారేయకుండా దాచితే తర్వాత వచ్చేవాళ్లు దీవిస్తారు.

లాస్ ఏంజిలస్‌లో ఒక్క రోజుంది. ఏవి చూడాలి?

విమానం దిగగానే థీమ్ బిల్డింగ్ బయటి నుంచి చూడండి. లోపలి రెస్టారెంటు 2013లో మూతపడింది. అక్కడికి దగ్గర్లో, లా టిహెరా, లా సియెనెగా కూడలిలో ప్యాన్స్‌లో పొద్దున తినండి. ఒక్కటే చూడగలిగితే అదే చూడాలి. బోర్డు, రాయి, మొక్కలు, కౌంటరు అన్నీ కలిసి మిగిలిన చోట్లు తక్కువ. తర్వాత ఉత్తరానికి విల్షైర్, ఫెయిర్‌ఫాక్స్ మూలన జానీస్. 2000లో మూతపడింది, ఇప్పుడు షూటింగులకే, బయటి నుంచి చూడటమే. అక్కడి నుంచి లా సియెనెగా నార్మ్స్, దాని ఐదు జెండాల బోర్డు. ఒక్కో జెండాలో ఒక్కో అక్షరం. ఇక్కడి హోటళ్ల వేళలు, యాజమాన్యాలు మారుతుంటాయి, బయల్దేరే ముందు తెరిచుందో లేదో చూసుకోండి.

పొద్దు వాలే సమయానికి బెవర్లీ హిల్స్‌లో యూనియన్ 76 పెట్రోలు బంకు దగ్గరుండాలి. గిన్ వాంగ్ గీశాడు, 1965. మొదట విమానాశ్రయం కోసం అనుకున్న డిజైనట. మూడు మూలలా పైకి లేచిన కప్పు కింద దీపాల వరసలు వెలిగినప్పుడు చూడాలి, మధ్యాహ్నం చూస్తే సగమే. రాత్రి భోజనం బర్బాంక్ బాబ్స్ బిగ్ బాయ్‌లో. శుక్రవారమైతే పాత కార్లవాళ్లు పార్కింగ్‌లో చేరతారు.

ఇంకో పూట దొరికితే డౌనీ. అక్కడి మెక్‌డొనాల్డ్స్ 1953 నాటిది, నడుస్తున్నవాటిలో అన్నిటికన్నా పాతది. భవనాన్ని ఇరువైపులా చీల్చుకుపోయే తోరణాలు అక్కడ ఇంకా అసలు రూపంలో ఉన్నాయి. ఇప్పటి లోగో అక్షరం ఎక్కడి నుంచి వచ్చిందో పక్క నుంచి చూస్తే అర్థమవుతుంది.

ఆ ఊరు దాటితే?

లాస్ వేగస్‌లో నియాన్ మ్యూజియం. లా కాంచా లాబీని ఎనిమిది ముక్కలుగా కోసి 2006లో అక్కడికి తరలించారు, ఇప్పుడు టికెట్లిచ్చే హాలు అదే. ఊరి దక్షిణాన ఉన్న స్వాగత బోర్డు బెట్టీ విల్లిస్ 1959లో గీసింది. ఆమె దానికి కాపీరైటు తీసుకోలేదు, అందుకే ప్రతి తాళంచెవి గొలుసు మీదా ఉంటుంది. రూట్ 66 మీద ఆంబోయ్‌లో రాయ్స్ మోటెల్ బోర్డు (1959) ఎడారి మధ్య ఒంటరిగా నిలబడి ఉంటుంది, 2019లో మళ్లీ వెలిగించారు. పామ్ స్ప్రింగ్స్ ముఖద్వారంలో ఆల్బర్ట్ ఫ్రే గీసిన ట్రామ్‌వే పెట్రోలు బంకు (1965) ఇప్పుడు యాత్రికుల సమాచార కేంద్రం.

తూర్పున న్యూజెర్సీ వైల్డ్‌వుడ్‌లో సముద్రపొడ్డున మోటెళ్ల గుంపు ఉంది, అక్కడివాళ్లు ఆ శైలిని డూ వాప్ అంటారు. ప్లాస్టిక్ తాటిచెట్లు చూసి నవ్వుకోకండి, అవి కూడా డిజైన్‌లో భాగమే. సియాటిల్ స్పేస్ నీడిల్ (1962, 605 అడుగులు) ఈ కుటుంబంలో అందరికన్నా పొడుగు బిడ్డ.

రాత్రి ఫొటోలో నియాన్ తెల్లగా మాడిపోతోంది, ఏం చేయాలి?

సూర్యాస్తమయం తర్వాత 15 నుంచి 30 నిమిషాల మధ్య తీయండి. ఆకాశం ముదురు నీలంగా ఉంటుంది, భవనం గీత తెలుస్తుంది. పూర్తి చీకటైతే అక్షరాలే మిగులుతాయి. ఎరుపు ముందుగా మాడుతుంది, కాబట్టి ఎక్స్‌పోజరు ఒకటి, ఒకటిన్నర స్టాపు తగ్గించండి. అమెరికాలో కరెంటు 60 హెర్ట్జ్, షట్టరు 1/60 కంటే వేగంగా పెడితే అడ్డపట్టీలు పడొచ్చు. మన దేశంలో 1/50. కదిలే బోర్డైతే స్టాండు మీద పెట్టి రెండు మూడు సెకన్లు తెరవండి, అన్ని దశలూ ఒకే చిత్రంలో పడతాయి.

ఇంత బాగుంటే ఎందుకు కూల్చారు?

భవనాలు పనికిరాక కాదు. ఒక అంతస్తు హోటలు, దాని చుట్టూ ఎకరం పార్కింగు, పైగా ఊళ్లో ఖరీదైన మూల మీద. అదే చోట పదంతస్తులు కట్టొచ్చని లెక్క వేసినవాడికి కప్పు అందం కనిపించదు.

అభిరుచి కూడా మారింది. 1960ల చివరి నుంచి మట్టి రంగులు, ఇటుక, వాలు పెంకుల మాన్సార్డ్ కప్పులు వచ్చాయి. మెక్‌డొనాల్డ్స్ తన తోరణాలను తానే తీసేసి ఆ కప్పు పెట్టుకుంది. పర్యావరణం, ఇంధన కొరత మాట మొదలయ్యాక రాత్రంతా వెలిగే బోర్డు సిగ్గుచేటు అయింది. ఒక వస్తువు పాతదై ముచ్చటగా మారేలోపు పాతబడి వెగటు పుట్టించే దశ ఒకటుంటుంది. గూగీలో ఎక్కువ భాగం ఆ దశలోనే పోయింది.

చారిత్రక కట్టడంగా ప్రకటిస్తే ఇక కూల్చలేరు కదా?

కూల్చగలరు. ఇది చాలామంది పొరబడే చోటు. జాతీయ చారిత్రక జాబితాలో పేరున్నంత మాత్రాన సొంతదారు సొంత డబ్బుతో కూల్చుకోవడాన్ని ఎవరూ ఆపలేరు. లాస్ ఏంజిలస్ నగరపు చారిత్రక సాంస్కృతిక చిహ్నం హోదా కొంచెం గట్టిది, అది కూడా కూల్చివేతను 180 రోజులు, పొడిగిస్తే ఇంకో 180 రోజులు ఆపుతుంది. ఆ ఏడాది లోపు కొనేవాణ్నో ఒప్పందాన్నో వెతకాలి.

నిజంగా పనిచేసేది డబ్బు. కాలిఫోర్నియాలో మిల్స్ చట్టం కింద కనీసం పదేళ్ల ఒప్పందం చేసుకుని కట్టడాన్ని కాపాడితే ఆస్తి పన్ను తగ్గుతుంది. ఆదాయం తెచ్చే చారిత్రక భవనాన్ని నియమాల ప్రకారం బాగుచేస్తే ఖర్చులో 20 శాతం మేరకు కట్టాల్సిన కేంద్ర పన్నులో తగ్గింపు దొరుకుతుంది.

డౌనీలోనే రెండు పాఠాలున్నాయి. మెక్‌డొనాల్డ్స్ 1994 భూకంపం తర్వాత మూతపడి, కూల్చకూడదని జనం పట్టుబట్టాక 1996లో తిరిగి తెరుచుకుంది. అదే ఊళ్లో 1958 నాటి జానీస్ బ్రాయిలర్‌ను 2007 జనవరిలో అనుమతి లేకుండా కూల్చడం మొదలుపెట్టారు. ఆపేసరికి చాలా భాగం నేలమట్టం. మిగిలిన ముక్కలతో, పాత కొలతలతో తిరిగి కట్టి 2009లో తెరిచారు.

మన దగ్గర ఇలాంటివి ఉన్నాయా?

అచ్చమైన గూగీ అని చెప్పదగ్గది వెతికి లాభం లేదు. మనకు ఆ సంఖ్యలో కార్లు లేవు, కారణమే లేదు. కారులో కూర్చుని తినే అలవాటుకు దక్షిణాదిలో పెద్ద గుర్తు మద్రాసు కెథడ్రల్ రోడ్డులోని వుడ్‌ల్యాండ్స్ డ్రైవ్-ఇన్. 1962లో మొదలై 2008లో మూతపడింది. వస్తువుల్లో మాత్రం బంధుత్వం ఉంది: మొజాయిక్ నేల, సన్‌మైకా బల్ల, వాలు కాళ్ల కుర్చీ.

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఈ శైలిలో కేఫ్ పెట్టాలంటే?

పడమటి అద్దం గోడ జోలికి పోవద్దు. మే నెలలో ఏసీ ఓడిపోతుంది. అద్దం ఉత్తరానికి పెట్టి, ముందుకొచ్చే కప్పును దక్షిణానికి వాడండి. లాస్ ఏంజిలస్‌కు రెట్టింపు వాన మనది, కాబట్టి కప్పు వాలు బయటికే ఉండాలి. ఎగిరే రూపం కావాలంటే కప్పు అంచు పట్టీని మాత్రం వాలుగా లేపండి.

కాళ్లు లేని స్టూలు ఇటుక గోడకు బిగించకండి. వంద కిలోల మనిషి 40 సెంటీమీటర్ల చెయ్యి మీద కూర్చుంటే బోల్టుల దగ్గర దాదాపు 400 న్యూటన్ మీటర్ల తిప్పుడు బలం. దబ్బున కూర్చుంటే దానికి రెట్టింపు. కాంక్రీటు దిమ్మో నేలకు బిగించిన ఉక్కు చట్రమో ఉండాలి. స్టూలు మధ్య నుంచి స్టూలు మధ్యకు 60 సెంటీమీటర్లు, సీటుకూ కౌంటరుకూ ఎత్తు తేడా 25 నుంచి 30.

నేలకు అక్కడికక్కడ పోసే మొజాయిక్ బాగుంటుంది. మొత్తం మందం 40 మిల్లీమీటర్లు. అడుగున 34 మిల్లీమీటర్ల 1:2:4 కాంక్రీటు, పైన 6 మిల్లీమీటర్ల పొర. పై పొరకు మూడు పాళ్లు సిమెంటు, ఒక పాలు పాలరాతి పొడి తూకం ప్రకారం కలిపి, ఆ మిశ్రమం నాలుగు పాళ్లకు 1–4 మిల్లీమీటర్ల చిప్స్ ఏడు పాళ్లు కొలత ప్రకారం వేయాలి. పెద్ద చిప్స్ కావాలంటే పై పొర మందం పెంచాలి. గళ్లు రెండు చదరపు మీటర్లు దాటకుండా ఇత్తడి లేదా గాజు పట్టీలు పెట్టండి. పట్టీలు మిగిలించుకుంటే నెర్రెలు మీకు మిగులుతాయి. యంత్రంతో పాలిష్ పట్టేముందు వారం తడపాలి. తొందరపడితే చిప్స్ ఊడి గుంటలు పడతాయి. 60, 120, 320 నంబరు రాళ్లతో వరసగా పట్టి, మధ్యలో సూదిబెజ్జాలను అదే రంగు సిమెంటు పాలతో పూడ్చాలి. చింతపండు, నిమ్మరసం పాలరాతిని తింటాయి, పులిహోర పడితే వెంటనే తుడవమని సిబ్బందికి చెప్పండి.

భవనం ఎలాగూ పోతోంది. కనీసం బోర్డు దక్కించుకోవాలంటే?

వెలుగుతుండగా ముందు వీడియో తీయండి, ఏ బల్బుల జట్టు ఎప్పుడు ఆరుతుందో ఆ తర్వాత ఎవరూ చెప్పలేరు. పక్కన కొలబద్ద పెట్టి ఎదురుగా, పక్క నుంచి ఫొటోలు. రంగు మూల నుంచి కొంచెం గీకి కింది పొరలను చూడండి, మొదటి రంగు సాధారణంగా మూడో నాలుగో పొరలో ఉంటుంది. గొట్టాలను రేకు విప్పక ముందే తీయాలి, ప్రతిదాని వెనక పెన్సిలుతో కాకుండా చెరగని సిరాతో నంబరు వేయాలి, అదే నంబరు ఫొటో మీదా రాయాలి. పడుకోబెట్టి రవాణా చేయకండి, అంచు మీద నిలబెట్టి, నురుగు మధ్య. నీలం గొట్టం పగిలితే పాదరసం ఉంటుంది, చీపురుతో ఊడవకండి. గ్లెండేల్ నియాన్ కళా మ్యూజియం, సిన్సినాటి సైన్ మ్యూజియం లాంటివాళ్లకు రాసేటప్పుడు కొలతలు, బరువు, క్రేను రాగలిగే దారి ఉందో లేదో మొదటి ఉత్తరంలోనే చెప్పండి.